దారి ఖర్చు, బస ఖర్చు: తిరుపతి నుంచి దూరదేశాలకు

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన మనిషి. వెంట సుమారు నూరుమంది పరివారం, పల్లకీలు, బోయీలు. తిరుపతి మీదుగా కడప చేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ దాటి కాశీకి వెళ్ళి, మళ్ళీ మద్రాసులో అడుగుపెట్టేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. ఆయన రాసుకున్న వివరాలు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. అందులో గుళ్ళూ గోపురాలతో పాటు మజిలీల లెక్క కూడా ఉంటుంది: ఈ ఊరికి ఆ ఊరు ఎంత దూరం, దారి ఎలాంటిది, సత్రం ఉందా, మంచినీళ్ళు దొరుకుతాయా, బజారు ఉందా.

వీరాస్వామయ్య సంపన్నుడు. పొదుపు కోసం ప్రయాణం చేసినవాడు కాడు. అయినా నెలల తరబడి తిరగాలనుకునేవారికి ఆ మజిలీల లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. తిండిలో, తిరుగుళ్ళలో ఏ రోజుకారోజు తగ్గించుకోవచ్చు. దారి ఖర్చు, బస ఖర్చు అలా కావు. చాలావరకు బయల్దేరకముందే, దారి గీసుకున్నప్పుడే అవి ఖాయమైపోతాయి.

తిరుపతికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పరాయి ఊరివాళ్ళకు తల దాచుకునే చోటివ్వడమే ఈ ఊరి బతుకుతెరువు. రైల్వేస్టేషన్ ఎదుట విష్ణునివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం, గోవిందరాజస్వామి సత్రాలు, భీమాస్ వీధి లాడ్జీలు, మఠాలు, కులసత్రాలు. తిరుమల కొండమీద 2025 సెప్టెంబరులో తెరిచిన వెంకటాద్రి నిలయం నాలుగువేల మందికి సరిపోయేలా, ముందస్తు బుకింగ్ లేనివారి కోసమే కట్టింది. కొండపైన తిరిగే ధర్మరథం బస్సులకు టికెట్టు లేదు. తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద భవనంలో భోజనానికి డబ్బు అడగరు. చేతిలో ఏమీ లేనివాడు కూడా వచ్చి, పడుకుని, తిని, దర్శనం చేసుకుని వెళ్ళగల ఏర్పాటు ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున చాలా తక్కువచోట్ల ఉంటుంది.

ఇలాంటి ఊరివాళ్ళు విదేశాలకు వెళ్ళేటప్పుడు మాత్రం పన్నెండు రోజుల్లో ఎనిమిది దేశాలు చూపించే ప్యాకేజీ తప్ప మరో దారి లేదనుకుంటారు. సెలవు పది రోజులే ఉంటే ప్యాకేజీ చెడ్డదేమీ కాదు. వీసా కాగితాల బాధ తప్పుతుంది, పెద్దవాళ్ళకు తోడు దొరుకుతుంది. కానీ ఇప్పుడు మూడు నెలలు, ఆరు నెలలు చేతిలో ఉన్నవాళ్ళు పెరుగుతున్నారు. ఉద్యోగానికీ ఉద్యోగానికీ మధ్య విరామం తీసుకున్న ఇంజినీర్లు, ఎక్కడినుంచైనా పనిచేసే వీలున్నవాళ్ళు, పదవీ విరమణ చేసి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే ఉపాధ్యాయులు. వీళ్ళకు ప్యాకేజీ లెక్క పనిచేయదు.

ఒక ఊహా లెక్క చూడవచ్చు. తొంభై రోజుల ప్రయాణం. మూడు రోజులకో ఊరు మారితే ఊళ్ళ మధ్య 29 ప్రయాణాలు పడతాయి. పదిహేను రోజులకో ఊరు మారితే అయిదే. ఒక్కో ప్రయాణానికి సగటున 1,500 రూపాయలనుకున్నా మొదటివారికి 43,500, రెండోవారికి 7,500. ఇందులో స్టేషన్ నుంచి బసకు వెళ్ళే ఆటో ఖర్చు కలపలేదు. కొత్త ఊళ్ళో మొదటి రోజు దారి తెలియక ఎక్కువ పెట్టి కొనే తిండి, నీళ్ళ ఖర్చూ కలపలేదు. పదిహేను రోజులు ఉంటామంటే గది యజమాని తగ్గించే అద్దె కూడా కలపలేదు. దారి ఒకే దిశలో సాగితే రవాణా ఖర్చు తగ్గుతుంది, ఒకచోట ఎక్కువ రోజులు నిలిస్తే బస ఖర్చు తగ్గుతుంది. ఆఫర్లు, కూపన్లు, పాయింట్లు వీటి తర్వాతే. దీర్ఘ ప్రయాణాల మీద వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం ఈ వరుసను తలకిందులు చేస్తాయి. అందుకే అవి పాటించినవాళ్ళకు మిగిలేది కొంచెమే.

మొదటి అడుగు ఇంటి నుంచే. 2015లో రేణిగుంటలో గరుడ టెర్మినల్ తెరిచారు, అంతర్జాతీయ విమానాశ్రయమన్న హోదా కూడా వచ్చింది. అయినా విదేశాలకు నేరుగా వెళ్ళే రోజువారీ విమానాలు లేవు. కాబట్టి తిరుపతి, చిత్తూరువాళ్ళకు చెన్నై, బెంగళూరు విమానాశ్రయాలే దిక్కు. చాలామంది అర్ధరాత్రి విమానానికి అద్దెకారు మాట్లాడుకుంటారు. అదీ రానుపోను చార్జీతో. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్‌కు వెళ్ళి, అక్కడే మెట్రో ఎక్కితే విమానాశ్రయం దాకా కారు అవసరమే రాదు. ఆంధ్ర బస్సులు 2018 నుంచి మాధవరం టెర్మినల్‌కు మారాయి కనుక బస్సులో వెళ్ళేవారు ఊరి ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకు పోవాలి. సామాను తక్కువుంటే రైలే మేలు. చిత్తూరువాళ్ళకు కాట్పాడి దగ్గర. అక్కడినుంచి చెన్నైకీ, బెంగళూరుకూ రోజంతా రైళ్ళున్నాయి. టికెట్టు వెతికేటప్పుడు రెండు నగరాల ధరలూ పక్కపక్కన పెట్టి చూడటం ఈ జిల్లాలవాళ్ళకున్న సౌలభ్యం. మధ్యలో ఉన్నవాళ్ళకు రెండువైపులా దారే.

ఒకప్పుడు విమానం లేకుండానే మనవాళ్ళు దేశం దాటేవారు. మద్రాసు ఎగ్మూరులో బోట్ మెయిల్ ఎక్కితే ధనుష్కోడి దగ్గర ఓడ, అవతల తలైమన్నార్‌లో మళ్ళీ రైలు. 1964 డిసెంబరు తుఫాను ధనుష్కోడిని తుడిచిపెట్టేదాకా ఆ దారి నడిచింది. మద్రాసు నుంచి పినాంగ్, సింగపూర్‌లకు రజూలా వంటి ఓడల్లో డెక్కు మీద చాప పరచుకుని వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళు ఎందరో. ఆ మార్గంలో చివరిదాకా తిరిగిన ఎం.వి. చిదంబరం 1985 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదానికి గురయ్యాక సామాన్యుడి సముద్రయానం ఆగిపోయింది. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి శ్రీలంకలోని కంకేశన్‌తురైకి మొదలైన ఓడ వెంటనే ఆగి, 2024 ఆగస్టులో మళ్ళీ మొదలైంది. కొద్ది గంటల ప్రయాణం. తుఫాను నెలల్లో నమ్మడానికి లేదు. అయినా విమానం లేకుండా మరో దేశంలో దిగడానికి దక్షిణాదివాళ్ళకు దగ్గరలో ఉన్న దారి ఇదే.

నేల మార్గంలో పడమరకు వెళ్ళడం మన పాస్‌పోర్టుతో ఇప్పుడు అయ్యే పని కాదు. 1957లో లండన్ నుంచి కలకత్తాకు ఇండియామ్యాన్ అనే బస్సు వచ్చింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు ఆ దారిన ఎందరో యువకులు వచ్చారు, పోయారు. 1979లో ఇరాన్ విప్లవం, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధం ఆ దారిని మూసేశాయి. తూర్పున మయన్మార్ అడ్డం. అందువల్ల మనకు మిగిలిన చవక మార్గం, ఒక విమానంలో ఆగ్నేయాసియాకు ఎగిరి, అక్కడినుంచి నేలమీద సాగడం.

ఈ మార్గాన్ని గీసేది డబ్బు కంటే ముందు వీసా. మలేషియా 2023 డిసెంబరు నుంచి భారతీయులను 30 రోజులు వీసా లేకుండా రానిస్తోంది. థాయిలాండ్ 2023 నవంబరులో వీసా తీసేసి, 2024 జూలైలో గడువును 60 రోజులకు పెంచింది. వియత్నాం 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది. ఇవి మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనే రోజున మళ్ళీ చూసుకోవాలి. మూడింటినీ వరుసగా పేరిస్తే దారి దానంతటదే కనిపిస్తుంది: చెన్నై నుంచి కౌలాలంపూర్, రైల్లో పడంగ్ బెసార్ సరిహద్దు దాటి థాయిలాండ్, బ్యాంకాక్ నుంచి 2024 జూలైలో మొదలైన రాత్రి రైల్లో లావోస్ రాజధాని వియంటియాన్, ఆ పైన వియత్నాం. అక్కడ హనోయి నుంచి హోచిమిన్ నగరం దాకా 1,726 కిలోమీటర్ల రైలు మార్గం. ఆ చివరనుంచి ఇంటికి విమానం. వెళ్ళిన ఊరికే తిరిగొచ్చి విమానం ఎక్కే పని లేదు. వెళ్ళే టికెట్టు ఒక నగరానికి, వచ్చే టికెట్టు మరో నగరం నుంచి తీసుకుంటే కాగితం మీద రెండు మూడు వేలు ఎక్కువ కనిపించవచ్చు. వెనక్కి రావడానికయ్యే రైలు, బస్సు, బస ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

యూరప్‌లో లెక్క వేరు. షెన్‌గెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పైగా వీసా కోసం బస బుకింగులు చూపించాలి. కనుక డబ్బు వెనక్కి వచ్చే షరతుతో బుక్ చేసి, వీసా చేతికొచ్చాక నిదానంగా మార్చుకోవడం నయం. ఆ 90 రోజులూ చేతికొస్తే ఒక్కో దేశంలో మూడు వారాలు నిలవవచ్చు. జర్మనీ సంగతే చూడండి. 2023 మేలో 49 యూరోలకు మొదలైన డాయిచ్‌లాండ్ టికెట్టు 2025లో 58కి, 2026లో 63కి పెరిగింది. పెరిగినా నెలంతా దేశంలో అన్ని నగర బస్సులు, ట్రాములు, ప్రాంతీయ రైళ్ళు ఎక్కవచ్చు. వేగం రైళ్ళు మాత్రం ఎక్కనివ్వరు. మూడు రోజులుండేవాడికి ఆ టికెట్టు దండగ, మూడు వారాలుండేవాడికి వరం. అది చందా పద్ధతిలో నడుస్తుంది కనుక నెల పదో తేదీలోగా రద్దు చేయకపోతే మరుసటి నెల డబ్బూ పోతుంది. పక్కనే ఉన్న లక్సెంబర్గ్‌లో 2020 ఫిబ్రవరి 29 నుంచి బస్సులకూ, రైళ్ళలో రెండో తరగతికీ టికెట్టే లేదు, వచ్చినవాళ్ళు ఎవరైనా సరే.

పాస్ అంటే చవక అనే నమ్మకం కూడా పాతబడింది. జపాన్ రైల్ పాస్ ధర 2023 అక్టోబరు 1న ఏడు రోజులకు 29,650 యెన్‌ల నుంచి 50,000కు ఎగిరింది. టోక్యో నుంచి క్యోటోకు వెళ్ళి వచ్చేవారికి ఇప్పుడు విడి టికెట్లే తక్కువలో వస్తాయి. యూరెయిల్ పాస్ తీసుకున్నా ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ వేగం రైళ్ళలో సీటు రిజర్వేషన్‌కు విడిగా కట్టాలి. అమెరికాలో మాత్రం ఒక పాస్ మీద మనవాళ్ళ చూపు ఇంకా పడలేదు. అమ్‌ట్రాక్ వారి 499 డాలర్ల రైల్ పాస్‌తో నెలరోజుల్లో పది ప్రయాణాలు చేయవచ్చు. పిల్లల దగ్గర ఆరు నెలలుండి, శనాదివారాల్లో వాళ్ళు కారులో తిప్పితే తప్ప గడప దాటని తల్లిదండ్రులు వేలల్లో ఉన్నారు. బస ఖర్చు లేదు, సమయం ఉంది. కిటికీ పక్కన కూర్చుని చికాగో నుంచి కాలిఫోర్నియా దాకా ఆ దేశాన్ని చూసే అవకాశం వాళ్ళ చేతిలోనే ఉంది. ఇంగ్లిషు వచ్చిన రిటైర్డు దంపతులకు ఇది భయపడాల్సిన పని కాదు.

చవక విమానాల ప్రకటనల్లో కనిపించే ధర చివరి ధర కాదు. సామానుకు, సీటుకు వేరే వేరే కట్టాలి. ఏ ఊళ్ళో దింపుతారన్నది మరో మెలిక. ఫ్రాంక్‌ఫర్ట్ పేరు తగిలించుకున్న హాన్ విమానాశ్రయం ఆ నగరానికి నూరు కిలోమీటర్లకు పైనే ఉంది. రేణిగుంటలో దింపి చెన్నై వచ్చేసిందన్నట్టు. బస్సు చార్జీ, పోయిన పూట కలుపుకుంటే నేరుగా నగరానికే వెళ్ళే టికెట్టు తక్కువ పడిన సందర్భాలెన్నో. ఇలాంటి చోట దూరప్రాంతపు బస్సులు నయం. 2013లో జర్మనీలో మొదలైన ఫ్లిక్స్‌బస్ 2024లో మన దక్షిణాదికీ వచ్చింది కాబట్టి పేరు కొత్తేమీ కాదు. రాత్రి బస్సు ఒక రాత్రి అద్దె మిగులుస్తుంది, నిజమే. వరుసగా రెండు రాత్రులు అలా చేస్తే మూడోరోజు పగలంతా నిద్రపోవడానికే గది తీసుకోవాల్సి వస్తుంది. నడివయసు దాటినవారు ఈ పొదుపు జోలికి పోకపోవడమే మంచిది.

బస విషయంలో తిరుపతివాళ్ళకు సొంతిల్లులా తోచేవి ప్రపంచంలోని యాత్రామార్గాలు. స్పెయిన్‌లో సాంటియాగో గుడికి నడిచివెళ్ళే కామినో దారినే తీసుకుందాం. 2024లో దాదాపు అయిదు లక్షల మంది నడక పూర్తిచేసి ధ్రువపత్రం తీసుకున్నారు. దారి పొడుగునా అల్బెర్గే అనే సత్రాలుంటాయి. యాత్రికుడికిచ్చే చిన్న పుస్తకంలో ఊరూరా ముద్ర వేయించుకున్నవాళ్ళకే ఆ సత్రాల్లో మంచం. గలీసియా ప్రభుత్వం నడిపేవాటిలో పది యూరోల దగ్గర తీసుకుంటారు. కొన్ని చర్చి సత్రాల్లో ధర ఉండదు, హుండీ ఉంటుంది. ఆరోగ్యం బాగాలేకపోతే తప్ప ఒకచోట ఒక్క రాత్రే, తెల్లారితే ఖాళీ చేయాలి. అలిపిరి మెట్లెక్కినవాళ్ళకు ఈ పద్ధతి విడమరచి చెప్పనక్కర్లేదు.

జపాన్‌లో శికోకు దీవి చుట్టూ 88 గుళ్ళ ప్రదక్షిణ ఉంది. మొత్తం 1,200 కిలోమీటర్లకు అటూఇటూ. అక్కడ నడిచేవాళ్ళకు ఊరివాళ్ళు పండో, టీయో, కొన్నిచోట్ల రాత్రికి నీడో ఇస్తారు. అలా ఇవ్వడం వాళ్ళ లెక్కలో పుణ్యం. జపాన్‌లాంటి ఖరీదైన దేశంలోనూ నెలన్నర నడకను ఇదే సాధ్యం చేస్తోంది. ఇక సిక్కుల గురుద్వారాలు కెనడా నుంచి మలేషియా దాకా ఉన్నాయి. లంగరులో భోజనం ఏ మతస్థుడికైనా. కొన్నిచోట్ల దూరం నుంచి వచ్చినవారికి గదులూ ఉంటాయి. తల కప్పుకోవడం, పొగాకూ మద్యమూ దగ్గర పెట్టుకోకపోవడం, తిన్నాక గిన్నెలు కడగడానికి ఒక చెయ్యి వేయడం అక్కడి మర్యాద.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. ఇలాంటి చోట్లు ఎవరి కోసం పెట్టారో మరిచి, హోటల్ అద్దె ఎగ్గొట్టడానికే వాడుకోవడం తప్పు. తిరుమలలో ఉచిత వసతి నిజంగా అవసరమైన కుటుంబానికి దొరక్కుండా పోయినప్పుడు కలిగే బాధ తిరుపతివాళ్ళకు బాగా తెలుసు. స్థోమత ఉన్నవాడు హుండీలో గది అద్దెకు తగ్గకుండా వేసి వెళ్ళాలి.

చేతిలో డబ్బు పెట్టుకోకుండా ప్రపంచంలో సగం నడిచినవాళ్ళూ ఉన్నారు. అణ్వాయుధాలకు వ్యతిరేకంగా నడవాలని సతీశ్ కుమార్, ఇ.పి. మీనన్ అనే ఇద్దరు యువకులు బెంగళూరులో అనుకున్నారు. 1962 జూన్ 1న ఢిల్లీలో గాంధీ సమాధి దగ్గర మొదలుపెట్టారు. డబ్బు ముట్టవద్దు, మాంసం తినవద్దు అని వినోబా భావే చెప్పిన రెండు మాటలతో పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, సోవియట్ దేశం దాటి పారిస్ చేరారు. లండన్, ఆ తర్వాత ఓడలో అమెరికా వెళ్ళి వాషింగ్టన్ దాకా నడిచారు. ప్రతి రాత్రీ ఎవరో ఒకరి ఇల్లే బస. మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించిన ఆచార్య మాచవరపు ఆదినారాయణ నడకనే జీవితం చేసుకుని, భ్రమణ కాంక్షలో దేశాన్ని, భూభ్రమణ కాంక్షలో ఖండాంతరాలను రాశారు. ఇవి అందరూ అనుసరించదగ్గ దారులు కావు. అయితే అపరిచితుడికి తలుపు తీసే ఇళ్ళు ప్రపంచమంతటా ఉన్నాయని వీళ్ళ ప్రయాణాలు నిరూపించాయి.

ఆ తలుపు తీయడాన్ని ఒక పద్ధతిలో పెట్టినవాళ్ళూ ఉన్నారు. 1949లో డెన్మార్క్‌లో మొదలైన సర్వాస్ సంస్థ శాంతి కోసం ప్రయాణికులనూ ఆతిథ్యమిచ్చే ఇళ్ళనూ కలుపుతుంది. చేరాలంటే ముందు ముఖాముఖి మాట్లాడతారు. ఇంటర్నెట్ వచ్చాక కౌచ్‌సర్ఫింగ్ ఆ పనిని లక్షల మందికి చేర్చింది, 2020 మేలో చందా పెట్టేసరికి చాలామంది దూరమయ్యారు. లాభాపేక్ష లేని బీవెల్‌కమ్ ఇప్పటికీ ఉచితమే. వీటిలో డబ్బు బదులు సమయం ఇవ్వాలి. సాయంత్రం ఇంటివాళ్ళతో కూర్చోవాలి, ఒకపూట పులిహోరో చిత్రాన్నమో చేసిపెట్టాలి. పొద్దున్నే పోయి రాత్రి పడుకోవడానికి వచ్చేవాడు లాడ్జీ వెతుక్కోవడమే న్యాయం. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లలు, అంతకుముందు అక్కడ బస చేసిన ఆడవాళ్ళు రాసిన అభిప్రాయాలు లేని ఇంటికి వెళ్ళకూడదు. మనసుకు నచ్చని క్షణంలో లేచి వెళ్ళిపోవడానికి ఒక రాత్రి హోటల్ డబ్బు విడిగా ఉంచుకోవాలి. దాన్ని పొదుపు పేరుతో ముట్టకూడదు.

తెలుగువాళ్ళకు మరో ఆసరా ఉంది. మలేషియా తెలుగు సంఘం 1955 నాటిది. మారిషస్‌లో అయిదారు తరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి, మనకు అక్కడికి వీసా అక్కర్లేదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ శ్రీవేంకటేశ్వర ఆలయం 1976లో తిరుమల తిరుపతి దేవస్థానం సహకారంతో వెలసింది. గుడి ఉన్నచోట కాంటీన్ ఉంటుంది, నోటీసు బోర్డు ఉంటుంది, నెలకో గది అద్దెకిచ్చేవాళ్ళ ఆచూకీ ఉంటుంది. బంధువుల బంధువుల ఇంట్లో వారం రోజులు దిగిపోవడం కంటే, వాళ్ళ ద్వారా మంచి అద్దె గది చూసుకోవడం అందరికీ గౌరవం.

హాస్టళ్ళ చరిత్ర మనవాళ్ళు తెలుసుకోదగ్గది. 1909లో పిల్లల్ని నడకకు తీసుకెళ్ళిన రిచర్డ్ షిర్‌మన్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు గాలివానలో చిక్కుకుని, ఒక బడిలో రాత్రి గడిపాడు. సెలవుల్లో ఖాళీగా ఉండే బడులను పడకటిళ్ళు చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ వెలిసింది. ఆ ఉద్యమానికి కొమ్మగా మన దేశంలో ప్రభుత్వం కట్టినవాటిలో తిరుపతి యూత్ హాస్టల్ ఒకటి. విదేశీ డార్మిటరీకి భయపడేవాళ్ళు ముందు ఇలాంటి చోట రెండు రాత్రులు ఉండి చూస్తే సరిపోతుంది. ఎంపికలో అన్నిటికంటే ముఖ్యం వంటగది. వారం పైగా ఉండేవారికి మంచం ధరలో వంద రూపాయల తేడా పెద్దది కాదు, పొయ్యి ఉండటం లేకపోవడం పెద్దది. ఊరగాయ, కందిపొడి సంచిలో వెళ్తే అన్నం ఒక్కటి వండుకుంటే చాలు. ఆస్ట్రేలియాలాంటి చోట దిగగానే తినుబండారాలన్నీ చూపించి చెప్పాలి, దాస్తే జరిమానా. వేసవిలో విశ్వవిద్యాలయాలు ఖాళీ హాస్టల్ గదుల్ని బయటివారికి ఇస్తాయి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ గదులు ఆ ఖరీదైన నగరం నడిబొడ్డునే దొరుకుతాయి. నార్వేలో 1957 చట్టం ప్రకారం ఇళ్ళకు 150 మీటర్ల దూరం పాటిస్తే సాగులో లేని నేలమీద గుడారం వేసుకోవచ్చు.

నెల అద్దెలే దీర్ఘ ప్రయాణికుడికి అసలు పొదుపు. ఎయిర్‌బిఎన్‌బీలో 28 రోజులు దాటిన బసకు చాలామంది యజమానులు బాగా తగ్గిస్తారు. మొదటి మూడు నాలుగు రోజులకే బుక్ చేసుకుని, ఊరు చూశాక అక్కడే గోడలమీద, దుకాణాల్లో కనబడే అద్దె ప్రకటనలు చూసుకుంటే ఇంకా తగ్గుతుంది. అయితే స్థానికుల ఇళ్ళన్నీ ప్రయాణికులకే పోతున్నాయని నగరాలు తిరగబడుతున్నాయి. న్యూయార్క్ 2023 సెప్టెంబరు నుంచి 30 రోజుల లోపు అద్దెలను గట్టిగా కట్టడి చేసింది. బార్సిలోనా 2028 నాటికి పర్యాటకుల ఫ్లాట్లకు అనుమతులు ఆపేస్తామంది. వాళ్ళ కోపంలో న్యాయముంది. బ్రహ్మోత్సవాలకు లాడ్జీ రేట్లు చుక్కలనంటినప్పుడు ఈ ఊళ్ళో అద్దెకుండే చిరుద్యోగి పడే ఇబ్బంది లాంటిదే అది. పండగ నెలలు వదిలి, పెద్ద నగరానికి గంట దూరంలోని చిన్న ఊరు చూసుకుంటే ఇద్దరికీ మేలు.

పనికి బదులు బస అనే పద్ధతిని జాగ్రత్తగా చూడాలి. 1971లో ఇంగ్లండ్‌లో స్యూ కాపర్డ్ మొదలుపెట్టిన వూఫ్ ఉద్యమం సేంద్రియ పొలాల్లో కొన్ని గంటలు పనిచేసినవారికి తిండీ పడకా ఇప్పిస్తుంది. వ్యవసాయం తెలిసిన చిత్తూరు జిల్లా కుర్రాళ్ళు నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. కానీ చాలా దేశాల్లో పర్యాటక వీసా మీద జీతం లేని పని కూడా పనిగానే లెక్క. విమానాశ్రయంలోనే వెనక్కి పంపితే మిగిల్చినదంతా ఒక్క రోజులో పోతుంది. ఆ దేశపు వీసా నిబంధన చదవకుండా ఒప్పుకోకూడదు.

ఈ సమీక్షలో చివరిగా చెప్పుకోవాల్సినవాళ్ళు, సంఖ్యలో మిగతా అందరికంటే ఎక్కువమంది. పీలేరు, మదనపల్లె, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కూ, ఇతర గల్ఫ్ దేశాలకూ వెళ్ళే డ్రైవర్లు, ఇంటిపనివాళ్ళు, మేస్త్రీలు. దీర్ఘకాలం పరాయి దేశంలో తక్కువ ఖర్చుతో బతకడం వాళ్ళకంటే తెలిసినవాళ్ళు లేరు. దుబాయి దేరా, కరామా వీధుల్లో గది కాదు, బెడ్‌స్పేస్ అద్దెకు తీసుకుంటారు. ఒక గదిలో అంతస్తుల మంచాలు, వంతులవారీ వంట, నెలకో వంటసామాను లెక్క. పరిమితికి మించి మనుషుల్ని కుక్కితే మునిసిపాలిటీ ఖాళీ చేయిస్తుంది, కట్టిన అడ్వాన్సు తిరిగి రాదు. కాబట్టి మంచం తక్కువకు వచ్చిందని సంతోషించే ముందు ఆ గది అనుమతి చూడాలి.

వాళ్ళు నష్టపోయేది బెడ్‌స్పేస్ దగ్గర కంటే ఎక్కువగా బయల్దేరే ముందే. పదో తరగతి లేనివారికి ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఇంటిపనివారి నుంచి నియామక సంస్థలు డబ్బు వసూలు చేయరాదని కువైట్ 2015లోనే చట్టం చేసింది. అయినా లక్షలు కట్టి, వడ్డీకి తెచ్చిన ఆ డబ్బు తీర్చడానికే మొదటి ఏడాది పోగొట్టుకున్న కుటుంబాలు ఈ మండలాల్లో ఊరూరా ఉన్నాయి. రానుపోను టికెట్టు ఎవరు పెట్టుకోవాలి, వసతి ఎవరిది, సెలవుకు వచ్చేటప్పుడు చార్జీ ఎవరిది అన్నవి ఉద్యోగ ఒప్పందంలో రాసి ఉండాలి. సంతకం పెట్టకముందే దాన్ని తెలుగులో చదివి వినిపించుకోవాలి, ఒక నకలు ఇంట్లో ఉంచాలి. ఏజెంటు రిజిస్టరయ్యాడో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడవచ్చు. ఇంటర్ చదివే కూతురో కొడుకో ఫోన్లో అయిదు నిమిషాల్లో చూసిపెట్టగల పని అది.